సముద్రం వినేలా అనకూడని మాట

మహారాజశ్రీ తండేలమ్మగారికీ, తెప్పల విద్యాపీఠం పెద్దలకూ, నా తర్వాత ఈ పుస్తకం రాయబోయే నిర్భాగ్యుడికీ సాష్టాంగపడి ముందుగానే క్షమాపణ వేడుకుంటున్నాను. తెప్ప దినచర్యలో గాలి, పోటు, ముడుల సంగతి తప్ప మరొకటి రాయరాదని అట్ట మీదే ఉంది. నేను ఉప్మా గురించి రాశాను. ఒక మహా విద్యాపీఠం పరువు ఎలా మంటగలిసిందో రాశాను. ఎంతో మర్యాదస్తురాలైన ఒక యంత్రానికి మతి ఎలా చలించిందో రాశాను. ఈ అనర్థాలన్నిటికీ మూలపురుషుడు వాసుపల్లి సన్యాసిరావు, మూడో సంవత్సరం, పోటుపాట్ల శాస్త్రం, అని అందరూ అంటున్నారు గనుక కాదనడానికి నాకు నోరు రావడం లేదు. అన్నీ నేనే చేశాను. ఆ గాలివాన కూడా నేనే పిలిచి ఉంటాను. పెద్ద మనసు చేసుకుని చివరిదాకా చదివి, అప్పుడు తిట్టండి.

1

*గాలి తూర్పు. ముడులు గట్టి. మనుషులే కాస్త వదులు.*

ఈ నెల ఏడో తెప్ప దినచర్య రాసే వంతు నాది. పొద్దున్నే మోకాళ్ళ మీద పాకుతూ తెప్ప చుట్టూ ముడులు చూడాలి. అడుగున అంటుకున్న గుల్లలు గీకాలి. మోకుతాడు నానిందా, ఒరుసుకుందా అని చేత్తో తడిమి చూడాలి. మా విద్యాపీఠం మొత్తం ఇలా ఒకదానికొకటి కట్టిన తెప్పలే. ఒక ముడి ఊడితే గణిత శాఖ తెల్లారేసరికి పక్క దేశంలో ఉంటుంది. ఒకసారి వెళ్ళింది కూడా. వాళ్ళు తిరిగొచ్చేదాకా ఎవరూ గమనించలేదు.

గుల్లలయ్యాక తవిటినాయుడి చేను. తవిటిది ఎనిమిదో తెప్ప, నా ప్రాణస్నేహితుడు. వాడి చేనుకి మట్టి లేదు. మా తెప్పకీ వాడి తెప్పకీ మధ్య వల బిగించి, అందులో ఉప్పునీళ్లు తాగి బతికే వరి నాటాడు. వేళ్ళు సముద్రంలో వేలాడతాయి, వెన్నులు పైన ఊగుతాయి. మొదటేడు కుళ్ళిపోయింది. నిరుడు చేపలు తినేశాయి. ఈసారి గింజ పాలు పోసుకుంది. ఒడ్డున తవిటి వాళ్ళ ఊరి పొలాల్లోకి సముద్రం వచ్చి కూర్చుని చాలాకాలమైంది. ఈ విత్తనం గట్టిపడితే ఆ ఊళ్ళో మళ్ళీ నాట్లేస్తారు. అందుకని వాళ్ళ నాన్న ఒడ్డు నుంచి వచ్చే ప్రతి పడవ మీదా ఒకటే మాట పంపుతాడు: "ఏటయింది?"

"ఎలగుందిరా సేను?" అన్నాను.

తవిటి వంగి ఒక వెన్నుని అరచేత్తో నిమిరాడు. మొహం మతాబాలా ఉంది. "ఏటుంటాది. గడ్డి," అన్నాడు.

తెప్పల మీద ఇదే పద్ధతి. బాగున్నదాన్ని బాగుందని పైకి అనకూడదు. సముద్రం వింటుంది. విందంటే దాని కన్ను పడుతుంది. కొత్తగా చేరిన పిల్లలకి ఈత కంటే ముందు ఇది నేర్పుతాం.

ఈ పద్ధతి తెలియని ప్రాణి ఒక్కటే ఉంది మా దగ్గర: కుశలం పెట్టె. నాలుగు పెద్ద విద్యాపీఠాల్లో విద్యార్థులు ఎక్కడ ఎక్కువ ఆనందంగా ఉన్నారో పోల్చి తేల్చడానికి వాటి మీద పెత్తనం చేసే మండలివారు ప్రతి భోజనశాలలో ఒకటి వేలాడదీశారు. విద్యార్థుల నాడి పట్టడం, నెత్తురు తీయడం చట్టం ఒప్పుకోదు గనుక అది మాటలు మాత్రమే వింటుంది. ఎవరి పేరూ అడగదు, ఎవరి గొంతూ గుర్తుపెట్టుకోదు. అది దాని పెంపకం. నవ్వుని మాత్రం దగ్గుగా రాసుకుంటుందని నా అనుమానం.

పొద్దున్నే అడుగుతుంది: "శుభోదయం. మీరు ఆనందంగా ఉన్నారా?"

"ఏదోలెండి," అంటాం మేం. "ఇలా ఏడిశాం," అంటాం. ఒకడు ఓసారి "బతికున్నాం," అన్నాడు. వెంటనే వైద్యుడి పడవ వచ్చింది. డాక్టరుగారు అందరి నాలుకలూ చూసి, టీ తాగి, "ఎలగున్నార్రా?" అని అడిగి, "ఏదోలెండి" అనిపించుకుని వెళ్ళిపోయారు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఇవాళ మండలి నుంచి నోటీసు వచ్చింది. ఆనందంలో రెండేళ్ళుగా మాది ఆఖరి స్థానం. ఈ పున్నమికి లెక్క ముగుస్తుంది. మూడోసారీ ఆఖరైతే, ఇంత దుఃఖంలో విద్యార్థులను ఉంచడం అమానుషం గనుక తెప్పలను విడదీసి మిగతా విద్యాపీఠాలకు కడతారట. ఏడో తెప్ప ఉత్తరాన మేడల విద్యాపీఠానికి, ఎనిమిదోది దక్షిణాన ఉప్పుదిబ్బలకు. పున్నమి మర్నాడే మోకులు కోసేస్తారు. వరి కోతకి రావాలంటే పున్నమి దాటి ఇంకో వారమైనా కావాలి.

తవిటి నోటీసు రెండుసార్లు చదివాడు. "మేడల్లో తియ్యనీళ్ల కుళాయిలున్నాయంట్రా. అదృష్టవంతుడివి."

"ఔన్రా. కుళాయి కింద కూచుని నిన్ను తలుచుకుంటాను."

ఇద్దరం నవ్వాం. పెట్టె దూరంగా ఉంది. లెక్కలోకి రాలేదు.

2

*గాలి తూర్పు. ముడులు గట్టి. సభ జరిగినది.*

వేరేచోట ఉపకులపతి అంటారే, ఆ హోదాని ఇక్కడ తండేలు అంటాం. పడవ నడిపించే పెద్దకి మా ఒడ్డున ఉన్న పేరే అది. మా తండేలమ్మ సూరాడ గౌరమ్మ గారు. ఆవిడ అందరినీ పెద్ద తెప్ప మీదకి పిలిచి, "పిల్లలూ, రేపట్నుంచి ఆ పెట్టి అడిగితే 'చాలా ఆనందంగా ఉన్నాం' అనండి. అంతే కదా. నోరేటి అరిగిపోదు," అన్నారు.

"అమ్మా, తమరొకసారి సెలవిస్తే మేం వెనకాల అంటాం," అన్నాను పరమ భక్తితో.

ఆవిడ నావైపు ఒక చూపు చూసి, లేచి, కొంగు బిగించి, గొంతు సవరించుకున్నారు. "మేము చాలా..." అన్నారు. సముద్రం వైపు చూశారు. అది మామూలుగానే ఉంది, అంటే చెవులు రిక్కించినట్టు ఉంది. ఆవిడ మెల్లగా కూచున్నారు.

"గాలివానల నెల్లో ఏటి మాటల్రా ఇవి," అన్నారు.

తవిటి లేచాడు. "అబద్ధం ఆడమంటే ఆడేద్దుమమ్మా. నిజమే సెప్పమంటే ఎలగ?"

ఈ విద్యాపీఠం పెట్టాక ఇంత తెలివైన మాట ఈ తెప్ప మీద ఎవరూ అనలేదనుకుంటాను.

చివరికి ఒక నిర్ణయమైంది. మండలి నిబంధన ప్రకారం ప్రతి విద్యాపీఠం నుంచి ఒక విద్యార్థి మరోచోటికి వెళ్ళి పోల్చి చూసి రావచ్చు. మేడల వాళ్ళు వరసగా మొదటి స్థానం ఎలా కొడుతున్నారో చూసి రావడానికి ఎవరో ఒకరు వెళ్ళాలి.

"సన్నాసిగాణ్ణి పంపండమ్మా. ఆడు లేకపోతే సేనుకే మంచిది. వెన్నులు తొక్కెస్తన్నాడు," అన్నాడు నా ప్రాణస్నేహితుడు.

అలా నేను రాయబారినయ్యాను.

3

*గాలి తెలియదు, కిటికీ మూసి ఉన్నది. ముడులు లేవు, అంతా సిమెంటు.*

దినచర్య పుస్తకం వెంట తెచ్చాను. తెప్పని వదిలి పుస్తకం రాకూడదు. దీనికీ క్షమాపణ.

మేడల విద్యాపీఠం అంటే ఒక మునిగిపోయిన నగరం మీద మిగిలిన మేడల తలకాయలు. వాటి మధ్య వంతెనలు వేశారు. తరగతులు పైన, గ్రంథాలయం కింద నీళ్ళలో. లిఫ్టులో దిగి పుస్తకం తెరిస్తే అద్దం అవతల ఒక కోనెం చేప వచ్చి ఆగుతుంది. పేజీ తిప్పేదాకా కదలదు. మా తెప్పల మీద నాతో పాటు ఆ చేపంత శ్రద్ధగా చదివినవాడు ఇంకొకడు లేడు.

నా గదికి తలుపుంది. మా దగ్గర ఉండేవి పరదాలు. కిటికీ ఉంది. కుళాయి ఉంది, తిప్పితే తియ్యనీళ్లు వస్తాయి. తిప్పాను, కట్టాను, మళ్ళీ తిప్పాను. చివరికి నాకే సిగ్గేసి మొహం కడుక్కున్నాను. భోజనం పళ్ళెం గోడలోని చిన్న లిఫ్టులో వస్తుంది, ఎవరి గదిలో వాళ్ళు తింటారు. ఎవరూ ఎవర్నీ తొక్కుకోరు, ఎవరి చెంబూ ఎవరూ ఎత్తుకెళ్ళరు.

నన్ను తిప్పి చూపించే బాధ్యత కేతవరపు వేదవల్లి అనే మూడో సంవత్సరం అమ్మాయిది. మునిగిన నగరంలోని పాత లిఫ్టులను మళ్ళీ నడిపించడం ఆమె చదువు. పెట్టె అడగ్గానే "చాలా ఆనందంగా ఉన్నానండీ," అంటుంది, గుక్క తిప్పుకోకుండా. మొదట నటన అనుకున్నాను. రెండు రోజులు వెనకాల తిరిగాక తెలిసింది, నిజంగానే ఆనందంగా ఉంది. తన లిఫ్టుల దగ్గర ఆమె మొహం వరి వెన్ను దగ్గర తవిటి మొహమే.

"మీకు భయం వెయ్యదా అలా అనడానికి?" అని అడిగాను.

"ఎందుకండీ?"

కిటికీ తీసి కిందికి చూశాను. పదిహేనో అంతస్తు. సముద్రం ఎక్కడో చాపలా పరుచుకుని ఉంది. ఇంత ఎత్తు నుంచి దానికేం వినపడుతుంది? ఇక్కడ బాగున్నామనడానికి ధైర్యంతో పనేముంది?

4

*ఉప్మా.*

దీని గురించే అందరూ నన్ను దుమ్మెత్తిపోస్తున్నారు గనుక జాగ్రత్తగా రాస్తున్నాను.

సాయంత్రం గోడలోంచి ఉప్మా వచ్చింది. తాపీతో మెత్తినట్టు పళ్ళేనికి అంటుకుని ఉంది. వేదవల్లి రెండు చెంచాలు తిని, భోజనశాల లేదు గనుక నడవలో వేలాడదీసిన పెట్టెతో "చాలా బాగుంది, ధన్యవాదాలు," అని చెప్పి, పళ్ళెం పక్కకి పెట్టింది.

"బాగుందా?"

"లేదండీ."

"మరి బాగుందన్నారు?"

"అలాగే అంటామండీ. బాగోలేదంటే లెక్క తగ్గుతుంది కదా."

"మరి ఉప్మాని ఎవరు తిడతారు?"

ఆమె నన్ను జాలిగా చూసింది. "ఉప్మాని తిట్టడమేమిటండీ?"

అయ్యా, నేను అక్కడే లేచి వచ్చేయాల్సింది. కానీ ఒక మనిషి ఇరవయ్యేళ్ళు వచ్చినా ఉప్మాని తిట్టకుండా పెరిగిందని తెలిశాక కాళ్ళు కదల్లేదు.

"ముందు పళ్ళేన్ని కాస్త దూరం జరిపి చూడాలి, నచ్చని సంబంధాన్ని చూసినట్టు," అన్నాను. "తర్వాత ఒక నిట్టూర్పు. ఆ తర్వాత మాట. మీరన్నదాన్ని పక్కవాడు మించాలి. ఒక్కరే తిడితే అది ఏడుపండీ. నలుగురు పోటీ పడితే పండగ."

ఆమె పళ్ళెం దూరం జరిపింది. నిట్టూర్చింది. "ఈ ఉప్మా... అంత బాగాలేదు."

"అది తిట్టు కాదు, ప్రశంసాపత్రం."

కళ్ళు మూసుకుని ఆలోచించింది. "ఈ ఉప్మాతో మా మెట్ల పగుళ్లు పూడ్చవచ్చు."

లేచి దండం పెట్టాను. ఇంతలో ఎదుటి గది తలుపు కొంచెం తెరుచుకుంది. పొడుగాటి కుర్రాడొకడు పళ్ళెంతో నిలబడి ఉన్నాడు. "పూడ్చారండీ నిరుడు. ఆ పగుళ్ళలోంచి ఊడిందే మళ్ళీ వడ్డించారు," అన్నాడు, తనకే నమ్మకం లేనట్టు.

ఆ తర్వాత నేను చేసిందేమీ లేదు. తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి. నడవ నిండా జనం. నేలమీద కూచున్నారు. ఒకమ్మాయి ఇంటి నుంచి తెచ్చి దాచుకున్న చింతకాయ పచ్చడి సీసా తీసింది. ఉప్మాని తిడుతూ తిడుతూ పళ్ళేలన్నీ ఖాళీ చేశారు. వేదవల్లికి నవ్వి నవ్వి ఎక్కిళ్ళొచ్చాయి. పెట్టె మాత్రం "పదిహేనో అంతస్తులో తీవ్రమైన నిస్పృహ" అని ప్రకటించింది. మేడల విద్యాపీఠం మార్కు జర్రున కిందికి జారింది.

మేడలు ఇలాగే జారితే మా తెప్పలు ఆఖరు కాకుండా పోతాయి, తవిటి చేను నిలుస్తుంది, అన్న ఆలోచన నాకు రాలేదని రాస్తే ఈ పుస్తకమే నవ్వుతుంది. వచ్చింది. రేపు పద్నాలుగో అంతస్తులో కూడా పాఠం చెబుదామనుకుని పడుకున్నాను.

పొద్దున్నే పెట్టె అడిగింది: "మీరు ఆనందంగా ఉన్నారా?"

"నిన్న సాయంత్రం ఎంత బాగా గడిచిందో చెప్పలేనండీ!" అంది వేదవల్లి. పొడుగు కుర్రాడూ అదే అన్నాడు. పచ్చడి సీసా అమ్మాయీ అదే అంది. పెట్టెలోంచి అరిగిన బేరింగు చప్పుడు వచ్చింది. తర్వాత నిన్నటి తిట్లన్నిటినీ తీసి ఆనందం ఖాతాలో వేసుకుంది. మేడల మార్కు ఇదివరకెన్నడూ లేనంత పైకి లేచింది.

అంటే తేలిందేమిటి? తెప్పల రాయబారి మేడలకు వెళ్ళి, వాళ్ళని మరింత ఆనందపెట్టి, మావాళ్ళని మరింత కిందికి తొక్కి వస్తున్నాడు. చరిత్రలో ఇలాంటి రాయబారం ఇంకొకటి ఉంటే చెప్పండి, క్షమాపణ వెనక్కి తీసుకుంటాను.

5

*గాలి దక్షిణం, ఉద్ధృతం. ముడులు: రెండు పోయాయి.*

మేడల తరఫున మమ్మల్ని చూడడానికి వేదవల్లి నాతోనే వచ్చింది. మొదటి పూటే మా పప్పు గిన్నెలోకి తొంగి చూసి, "ఇందులో కందిగింజ ఈదుకుంటూ ఒడ్డు చేరినట్టుందండీ," అంది. భోజనశాల గొల్లుమంది. రెండో పూటకి మా ఆడపిల్లలు ఆమెకి మధ్యలో చోటిచ్చారు. గురువుగా నా ఛాతీ ఉప్పొంగింది.

కానీ నేర్పాల్సింది సగమే నేర్పానని తవిటి చేను దగ్గర తెలిసింది. పాలు పోసుకున్న వెన్నులు గాలికి ఊగుతున్నాయి. ఆమె రెండు తెప్పల మధ్య వేసిన బల్ల మీద నిలబడి చూసి, రెండు చేతులూ బుగ్గల మీద పెట్టుకుని, గొంతెత్తి అనేసింది:

"అబ్బ! ఎంత బాగుందండీ! బంగారం పండింది!"

తవిటి చేతిలోని తాడు జారిపోయింది. "అమ్మా, నీకు దండం పెడతాను, మెల్లగా! గడ్డమ్మా ఇది. ఒట్టి గడ్డి!" అన్నాడు, మాకు కాక సముద్రానికి వినపడేలా.

ఆలస్యమైంది. మధ్యాహ్నానికి దక్షిణపు గాలి లేచింది. ఏడుకీ ఎనిమిదికీ మధ్య మొదట ఒక ముడి జారింది, తర్వాత ఇంకోటి తెగింది. తెప్పలు ఎడంగా జరిగేసరికి వల వీణతీగలా బిగిసింది. రెండు తెప్పల వాళ్ళం మోకులు పట్టుకుని వేలాడాం. తండేలమ్మగారు చీర దోపి అందరికంటే ముందు నిలబడి "హైలెస్సా!" అని కేకేస్తే మేం లాగడం. వేదవల్లి అరచేతులు ఒలిచిపోయినా వదల్లేదు. తెప్పలు మళ్ళీ దగ్గరయ్యేసరికి వల ఒక మూల చిరిగింది. ఆ మూల వరి కొట్టుకుపోయింది. మిగతాది నిలిచింది.

తండేలమ్మగారు ఉప్పూ ఎండుమిరపకాయలూ తీసుకుని చేనుకి దిష్టి తీసి నిప్పులో వేశారు. నిప్పు తెమ్మన్న కేక చెవిన పడ్డ పెట్టె వెంటనే "ఎనిమిదో తెప్పలో అగ్నిప్రమాదం" అంది. నిప్పులార్పే పడవ వచ్చింది. వాళ్ళకీ టీ ఇచ్చాం.

వేదవల్లి ఒక మూల కూచుని ఏడుస్తోంది. తవిటి వెళ్ళి పక్కన కూచున్నాడు.

"ఏడకమ్మా. ఇది గాలుల నెల. నువ్వనకపోయినా వచ్చేదే."

ఆమె కళ్ళు తుడుచుకుంది.

"కానీ మళ్ళీ అనకు," అన్నాడు.

6

*గాలి తగ్గినది. కొత్త ముడులు వేయబడినవి. పున్నమి దగ్గరకొచ్చినది.*

అరచేతులకి కట్లు కట్టుకుని వేదవల్లి భోజనశాలలో పెట్టె కింద కూచుని రోజంతా మా మాటలు విన్నది. సాయంత్రం మమ్మల్ని పిలిచింది.

"మీ పెట్టెకి పిచ్చి లేదండీ. పాపం దానికి కొలబద్ద మీద కింది గీతే తెలుసు, పై గీత తెలీదు. మా నడవలో ఏమైందో గుర్తుందా? తిట్లూ విన్నది, ఆ సాయంత్రం బాగుందన్న మాటా విన్నది. రెండూ కలిపి చూసుకుని తిట్లంటే ఏమిటో తెలుసుకుంది. మీవాళ్ళు ఒక్కరైనా బాగుందనగా అది ఇన్నేళ్ళలో వినలేదు. ఎవరో ఒక్కరు, ఏది బాగుందో ఎందుకు బాగుందో దాని ఎదుట నిజంగా చెబితే చాలు. మిగతా మాటలన్నీ దాన్నిబట్టి మళ్ళీ తూచుకుంటుంది."

"నువ్వే సెప్పీమ్మా," అన్నారు తండేలమ్మగారు ఆశగా.

"నేను నోరు విప్పితే నా యాసని బట్టే మేడలదాన్నని దానికి తెలిసిపోతుందండీ. నా మాట మేడల లెక్కలోకి పోతుంది. మీవాళ్ళే చెప్పాలి."

అందరం సముద్రం వైపు చూశాం. మొన్న తెగిన ముడి మొన ఇంకా నీళ్ళలో ఊగుతోంది.

"నా నోట్లోంచి వస్తే నా సేనుకే కొడతాది," అన్నాడు తవిటి నెమ్మదిగా. ఎవరూ వాణ్ణి తప్పు పట్టలేదు. తక్కిన వాళ్ళు ఒక్కొక్కరే ఏదో పని గుర్తొచ్చి లేచారు. తండేలమ్మగారు చుక్కల్ని పరీక్షించడం మొదలుపెట్టారు. ఇంకా చుక్కలు రాలేదు.

"నన్నైతే అడక్కండి," అన్నాను నేను. "ఏడో తెప్ప మేడల పక్కకి పోతుంది. నాకు కుళాయి ఖాయం. అక్కడ నా మొహం ఎంత తెల్లగా ఉండేదో వేదవల్లిగారిని అడగండి."

అందరూ నవ్వారు. తవిటి కూడా నవ్వాడు. తర్వాత కొడవలి తీసి దాని పదును బొటనవేలితో చూసుకుంటూ, "పచ్చివే కోసెద్దునా?" అన్నాడు. నన్ను అడగలేదు. ఎవర్నీ అడగలేదు. పచ్చి గింజ మొలవదని వాడికి తెలుసు.

7

*పున్నమి. గాలి లేదు. ముడులు గట్టి. మోకులు కోసేవాళ్ళ పడవ వచ్చి పక్కన ఆగినది.*

పెట్టె ఫలితం చెప్పే వేళకి అందరం భోజనశాలలో కిక్కిరిసి నిలబడ్డాం. మోకులు కోసేవాళ్ళు గొడ్డళ్ళు ఒళ్ళో పెట్టుకుని మా టీ తాగుతున్నారు. తవిటి రాలేదు, చేను దగ్గరే కూచున్నాడు.

పెట్టె గొంతు సవరించుకుంది. అది అలా చేయడం ఇదే మొదలు.

"తెప్పల విద్యాపీఠం వారి సంవత్సరపు మాటలన్నీ తిరిగి తూచబడినవి. 'ఏదోలెండి': ఆనందం. 'ఇలా ఏడిశాం': ఆనందం. 'ఇదేం పప్పండీ': మహదానందం. తెప్పల విద్యాపీఠం మొదటి స్థానము."



"ఓలమ్మో!" అన్నారు తండేలమ్మగారు గుండె మీద చెయ్యేసుకుని. "మొదటిదా! కింద నుంచి రెండోదైతే సరిపోయేది కదా! ఎవుడ్రా పెట్టికి సెప్పినోడు? ఎంత సెప్పినాడ్రా?"

అలజడి మొదలైంది. ఒకరు బూడిద గుమ్మడికాయ కోసం పరిగెత్తారు. ఇంకొకరు మండలికి అర్జీ పెడదామన్నారు, దయచేసి మమ్మల్ని రెండో స్థానానికి దించండని. తండేలమ్మగారు పెట్టె కిందకి వెళ్ళి చేతులు జోడించి, "అమ్మా, మేమంత బాగా లేమమ్మా. ఏదో ఇలగ ఏడుస్తన్నాం," అని బతిమాలారు.

"నమోదు చేసుకున్నాను. మహదానందం," అంది పెట్టె.

మోకులు కోసేవాళ్ళు ఇంకో గ్లాసు టీ తాగి గొడ్డళ్ళు పట్టుకుని వెళ్ళిపోయారు. నేను బల్ల దాటి వెళ్ళి తవిటికి చెప్పాను. వాడు కొడవలిని గోనెలో చుట్టి పక్కన పెట్టాడు.

"ఎవుడు సెప్పినాడ్రా?" అన్నాడు.

"నాకేం తెలుసు. ఎవడో బుద్ధిలేనోడు. నా కుళాయి పోయింది."

రెండో స్థానానికి జారిన వేదవల్లి, "మాకేం బాధ లేదండీ," అనబోయి, సర్దుకుని, "ఘోరం! అన్యాయం! ఇంత దగా నేనెక్కడా చూళ్ళేదు!" అంది. కళ్ళు మెరిసిపోతున్నాయి. నా శిష్యురాలు.

8

*గాలి పడమర. ముడులు గట్టి. కోత అయినది.*

వెన్నులు వంగి నీళ్ళని తాకుతుంటే కోశాం. సగం గోనెలు విత్తనానికి కట్టి ఒడ్డుకి వెళ్ళే పడవ ఎక్కించాం. వాళ్ళ నాన్నకి ఏం చెప్పమంటావని పడవవాడు అడిగితే, తవిటి చాలా ఆలోచించి, "గడ్డే. కానీ నారుమడి దున్ని ఉంచమను," అన్నాడు.

మిగిలినదాంట్లో రెండు గుప్పిళ్ళు దంచి వండి, మొదటి ముద్ద నా చేతిలో పెట్టాడు. తెప్పంతా చుట్టూ చేరింది.

"ఎలగుందిరా?"

నమిలాను. మింగాను. "ఉప్పెక్కువైంది. పైగా పలుకు. గొడ్లు కూడా ఆలోచిస్తాయి."

తవిటి మొహం మతాబాలా వెలిగింది. "సన్నాసెదవ," అన్నాడు, ఇంకో ముద్ద పెడుతూ.

9

*గాలి, పోటు, ముడులు: అన్నీ సరిగ్గానే ఉన్నవి. నెల ముగిసినది.*

పుస్తకం రేపు ఇంకొకరికి అప్పగించాలి. పైన నా నెత్తిన వేసుకున్నవాటిలో నావి కానివి ఏరేస్తున్నాను. మేడల తలుపులు నేను తెరవలేదు, ఉప్మా తెరిచింది. ముడులు నేను తెంపలేదు. పెట్టెకి మతి చలించలేదు, ఇప్పుడే కుదురుకుంది. నేను నిజంగా చేసింది ఒక్కటే. అది ఇన్నాళ్ళూ రాయలేదు.

పున్నమి ముందురోజు మధ్యాహ్నం, అందరూ పప్పుని తిట్టి అలిసి కునుకు తీస్తుంటే, నేను భోజనశాలకి వెళ్ళాను. సముద్రానికి వీపు పెట్టి నిలబడ్డాను. జేబులో గుప్పెడు ఉప్పు ఉంది. పెట్టె అలవాటుగా అడిగింది.

"బాగున్నాను," అన్నాను. "పొద్దున్నే ముడులు చూస్తుంటే అవతలి తెప్ప మీంచి తవిటిగాడు సన్నాసీ అని కేకేస్తాడు. ఆ కేక విన్నాకే నాకు తెల్లారుతుంది. పప్పులో పప్పుండదు. ఇంతమంది కలిసి దాన్ని తిడుతుంటే నాకు ఇంకో ముద్ద తినాలనిపిస్తుంది. మేడల్లో తలుపుంది, కిటికీ ఉంది, కుళాయి ఉంది. మొహం కడుక్కుని వెనక్కి తిరిగితే వెక్కిరించేవాడు లేడు. నాకు ఇక్కడే బాగుంది. చాలా బాగుంది."

"ఇంకేమైనా చెబుతారా?" అంది పెట్టె.

"ఏదోలెండి," అన్నాను.

"అర్థమైంది," అంది పెట్టె, మొట్టమొదటిసారి.

బయటికొచ్చి ఉప్పు మూడుసార్లు నా చుట్టూ తిప్పి నీళ్ళలో వేశాను. ఉప్పు సముద్రం దిష్టిని ఉప్పుతోనే తీసినవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. చాలాసేపు నిలబడి చూశాను.

సముద్రం విన్నట్టే ఉంది. విని, ఏదోలే అనుకుని ఊరుకుంది.